తప్పు ఒకటే, తిట్టు వేరు: ఆటలో సమాజం ఎలా కనబడుతుంది, కెమెరా దాన్ని ఏం చేస్తుంది

2025 ఆగస్టు 3. లండన్ ఓవల్ మైదానంలో భారత్-ఇంగ్లండ్ ఐదో టెస్టు నాలుగో రోజు ఆట. ఇంగ్లండ్ ముందున్న లక్ష్యం 374. హ్యారీ బ్రూక్ 19 పరుగుల మీద ఉన్నప్పుడు ప్రసిధ్ కృష్ణ వేసిన బంతిని గాల్లోకి లేపాడు. బౌండరీ దగ్గర మహమ్మద్ సిరాజ్ దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. తీసుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. మడమ తాడు మీద పడింది. వికెట్ కావాల్సింది సిక్సర్ అయింది. బ్రూక్ 111 దాకా వెళ్లాడు.

మర్నాడు పొద్దున ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, చేతిలో 4 వికెట్లున్నాయి. వాటిలో మూడు సిరాజ్‌వే. చివరిగా అట్కిన్సన్ స్టంపులు ఎగరగొట్టాడు, భారత్ 6 పరుగులతో గెలిచింది, సిరీస్ 2-2తో సమమైంది. ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీసిన సిరాజే ఆ మ్యాచ్‌కు ఉత్తమ ఆటగాడు. ఆ 6 పరుగులు అటు ఇటు అయి ఉంటే, ఆ రోజంతా టీవీల్లో తిరిగేది అతని బౌలింగ్ కాదు, తాడు మీద పడిన మడమ.

అలాంటి రోజు ఎలా ఉంటుందో సిరాజ్‌కు అంతకు ముందే తెలుసు. 2019 ఐపీఎల్‌లో బెంగళూరు తరఫున కోల్‌కతా మీద ఆడుతూ 2.2 ఓవర్లలో 36 పరుగులిచ్చాడు. నడుము పైకి రెండు ఫుల్‌టాస్‌లు పడటంతో అంపైర్లు బౌలింగ్ ఆపించారు. ఆ తర్వాత తనకొచ్చిన కామెంట్లను అతనే తర్వాతి కాలంలో చెప్పాడు: క్రికెట్ మానేసి, మీ నాన్నతో పాటు ఆటో నడుపుకో అని రాశారట. తండ్రి మహమ్మద్ గౌస్ హైదరాబాద్‌లో ఆటో నడిపి కొడుకును క్రికెటర్‌ను చేసిన మనిషి.

ఓవర్ బాగా వేయకపోతే బాగా వేయలేదనొచ్చు, జట్టులోంచి తీసేయమనొచ్చు. అందులో ఆటో ఎక్కడి నుంచి వచ్చింది? ఆట సమాజానికి అద్దం అన్న మాటను అర్థం చేసుకోవాలంటే ఈ ప్రశ్న దగ్గర మొదలుపెట్టడం మేలు.

అద్దం అంటే ఏమిటి, ఒత్తిడి అంటే ఏమిటి

‘ఆట సమాజానికి అద్దం’ అనేటప్పుడు మనం వేర్వేరు సంగతుల్ని ఒకే మూటలో కట్టేస్తాం. మైదానం దాకా ఎవరు రాగలుగుతారన్నది ఒకటి. డబ్బు, కులం, ఊరు, ఇంట్లో ఆడపిల్లకు దొరికే అనుమతి అక్కడ పనిచేస్తాయి. వచ్చాక వాళ్లకు దక్కే ఫీజు, పదవి, మర్యాద ఇంకొకటి. గెలిచినప్పుడు, ఓడినప్పుడు వాళ్ల గురించి వాడే మాటలు మూడోది. ఒక దేశంలో మొదటిది బాగుపడి మూడోది చెడిపోవచ్చు. అందుకే విడదీసి చూడాలి.

మీడియా ఒత్తిడి అనే మాటా ఇలాంటిదే. ఆటగాడి ఆటను, సమాఖ్య లెక్కల్ని, సెలెక్టర్ల నిర్ణయాల్ని ప్రశ్నించడం పరిశీలన. ఆటగాడి పెళ్లి, మతం, బరువు, ఇంటి సంగతుల్లో తలదూర్చడం తొంగిచూడటం. గుంపుగా మీదపడి తిట్టడం ట్రోలింగ్. ఈ మూడింటినీ మనం ‘మీడియా’ అనే ఒక్క పేరుతో పిలుస్తున్నాం. గందరగోళంలో సగం దానివల్లే.

ఒకే తప్పుకు నాలుగు తిట్లు

2021 అక్టోబర్ 24న దుబాయ్‌లో జరిగిన టీ20 ప్రపంచకప్ మ్యాచ్‌లో పాకిస్తాన్ మన మీద 10 వికెట్లతో గెలిచింది. ప్రత్యర్థి వికెట్ ఒక్కటీ పడలేదంటే ఏ బౌలరూ తీయలేదనే కదా అర్థం. అయినా 3.5 ఓవర్లలో 43 పరుగులిచ్చిన మహమ్మద్ షమీ ఒక్కడి ఖాతా మీదికే గుంపు వెళ్లింది. అక్కడ రాసినవి బౌలింగ్ గురించి కావు, అతని మతం గురించి. ద్రోహి అన్నారు.

2022 సెప్టెంబర్ 4న అదే దుబాయ్‌లో, ఆసియాకప్‌లో మళ్లీ పాకిస్తాన్‌తోనే మ్యాచ్. 18వ ఓవర్లో రవి బిష్ణోయ్ బౌలింగ్‌లో ఆసిఫ్ అలీ క్యాచ్‌ను అర్ష్‌దీప్ సింగ్ వదిలేశాడు. ఆ రాత్రే వికీపీడియాలో అతని పేజీని మార్చి ఖలిస్తాన్ అని రాశారు. కేంద్ర ఐటీ శాఖ వికీపీడియా ప్రతినిధుల్ని పిలిపించి వివరణ అడిగే దాకా వెళ్లింది వ్యవహారం.

హాకీలో జరిగింది చూడండి. 2021 జులై 31న టోక్యోలో దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టి, ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి భారత మహిళగా నిలిచింది వందన కటారియా. ఆగస్టు 4న సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో జట్టు 1-2తో ఓడింది. ఆ రోజే హరిద్వార్ జిల్లా రోష్నాబాద్‌లో ఆమె ఇంటి ముందు కొందరు టపాసులు కాల్చారు. జట్టులో దళితులు ఎక్కువైపోయారు కాబట్టే ఓడిందని అరిచారని కుటుంబం ఫిర్యాదు చేసింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టి పోలీసులు అరెస్టులు చేశారు.

ఈ నాలుగూ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేలుతుంది. మైదానంలో జరిగింది దాదాపు ఒకటే: పరుగులిచ్చారు, క్యాచ్ వదిలారు, మ్యాచ్ ఓడారు. తిట్టు మాత్రం మనిషిని బట్టి మారింది. ఒకరికి ఆటో, ఒకరికి మతం, ఒకరికి వేర్పాటువాదం, ఒకరికి కులం. అంటే తిట్టును ఓటమి పుట్టించలేదు. అది ముందే సిద్ధంగా ఉంది, ఓటమి దానికి తలుపు తెరిచింది. అదే తప్పు చేసిన, బాగా బతికే అగ్రకుల కుటుంబపు ఆటగాడికి కూడా తిట్లు పడతాయి, కాకపోతే అవి అతని ఆట దగ్గరే ఆగుతాయి. నాన్న పని దాకా, గుడి మసీదు దాకా వెళ్లవు. ఆట ఎక్కడ అద్దమవుతుందో నా వరకు ఇక్కడే అన్నిటికన్నా స్పష్టంగా కనబడుతుంది.

పరాయి దేశంలో ఇదే మరో రూపంలో వస్తుంది. తండ్రి చనిపోయిన కొన్ని వారాలకే, 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో బౌండరీ దగ్గర నిలబడ్డ సిరాజ్ తనను జాతి పేరుతో తిడుతున్నారని అంపైర్లకు చెప్పాడు. ఆట ఆగింది. ఆరుగుర్ని స్టేడియం నుంచి బయటికి పంపారు. తర్వాత క్రికెట్ ఆస్ట్రేలియా విచారణలో రెండు విషయాలు తేలాయి: భారత ఆటగాళ్లు జాతి దూషణకు గురైన మాట నిజం, బయటికి పంపిన ఆ ఆరుగురు మాత్రం ఆ పని చేసినవాళ్లు కారు.

గెలిచినా వదలనిది

ఇదంతా ఓటమి కోపమే అనుకుంటే, గెలిచిన రోజు సంగతేమిటి? 2016 ఆగస్టు 19న రియోలో పీవీ సింధు ఫైనల్లో కరోలినా మారిన్ చేతిలో ఓడి రజతం గెలిచింది. ఆ రోజుల్లో గూగుల్లో సింధు పేరు కొడితే పక్కన వచ్చే సూచనల్లో ‘కులం’ ఉందని, అలా వెతికిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందువరసలో ఉన్నాయని పత్రికలు రాశాయి.

ఈ వార్తను చదవడానికి ఒక పద్ధతి ఉంది. గూగుల్ ట్రెండ్స్ చూపేది ఎంతమంది వెతికారన్న లెక్క కాదు. అది 0 నుంచి 100 దాకా ఉండే ఒక సూచిక. ఒక ప్రాంతంలో జరిగిన మొత్తం వెతుకులాటలో ఈ మాట వాటా ఎంత అన్నదాన్ని ఇతర ప్రాంతాలతో పోల్చి చెబుతుంది. 100 వచ్చిందంటే ఆ వాటా అక్కడే ఎక్కువ అని అర్థం. అక్కడ అందరూ కులమే వెతికారని కాదు. సింధు తెలుగమ్మాయి కాబట్టి ఆమె గురించిన ఏ మాటైనా ఇక్కడే ఎక్కువ వెతుకుతారు, అదీ నిజం. ఇవన్నీ తీసేశాక మిగిలేది చిన్నదేం కాదు: పతకం వచ్చిన పూట ఆమె ఏ కోచ్ దగ్గర నేర్చుకుందన్నదానితో పాటు, ఆమె ‘మనవాళ్లమ్మాయేనా’ అన్నది తెలుసుకోవాలని తహతహలాడినవాళ్లు సూచనల పెట్టెలోకి ఎక్కేంత మంది ఉన్నారు.

మైదానం దాకా వచ్చే దారి

ఆట కులాన్ని చూడదు, స్టాప్‌వాచ్‌కు మతం తెలియదు అనే వాదన ఉంది. తేలిగ్గా కొట్టిపారేయాల్సింది కాదది. 400 మీటర్లు 55 సెకన్లలో పరిగెత్తితే ఆ 55 సెకన్లను ఎవరూ కాదనలేరు. ఉద్యోగాల్లో, అద్దె ఇళ్లలో, పెళ్లి సంబంధాల్లో దొరకని న్యాయం అక్కడ దొరుకుతుంది. కానీ గడియారం మొదలయ్యేది ట్రాక్ మీద గీత దగ్గర. ఆ గీత దాకా రావడానికి పట్టిన కాలాన్ని అది లెక్కపెట్టదు.

పాత ఉదాహరణ పల్వంకర్ బాలూ. చర్మకార కులంలో పుట్టిన ఎడమచేతి వాటం స్పిన్నర్. పుణెలో హిందూ జట్టుకు వికెట్లు తీసిపెడుతున్న రోజుల్లో కూడా టీ విరామంలో అతనికి లోపల చోటు లేదు. బయట, మట్టి ముంతలో పోసేవాళ్లు. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టు తరఫున 114 వికెట్లు తీశాడు. అయినా హిందూ జట్టు కెప్టెన్సీ అతనికి దక్కలేదు. 1923లో అతని తమ్ముడు విఠల్‌కు దక్కింది. బాలూ బంతి తిప్పడం గురించి వాదన లేదు, ముంత గురించీ కెప్టెన్సీ గురించే వాదన. పైగా అప్పటి బొంబాయి టోర్నమెంటే హిందువులు, ముస్లింలు, పార్సీలు, యూరోపియన్లు అంటూ మతాల వారీ జట్లతో నడిచింది. 1946లో గానీ ఆగలేదు.

కొత్త ఉదాహరణ మన దగ్గరే ఉంది. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి. కూలి పని చేసుకునే ఇల్లు. పుట్టుకతో గ్రహణమొర్రి, మేధోపరమైన వైకల్యం. ఊళ్లో పిల్లను పిచ్చిదని, కోతి అని వెక్కిరించారని, అనాథాశ్రమంలో వదిలేయమని సలహా ఇచ్చారని తల్లిదండ్రులే తర్వాత విలేకర్లకు చెప్పారు. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం గెలిచింది. ఆమె పోటీపడే విభాగం పేరు టీ20. ఈ పేరు చూసి క్రికెట్ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ‘టీ’ అంటే ట్రాక్, 20 అనేది మేధోపరమైన వైకల్యం ఉన్న అథ్లెట్ల తరగతి.

అద్దం అనే పోలిక ఇక్కడే కొంచెం చాలకుండా పోతుంది. అద్దం చూపించి ఊరుకుంటుంది. దీప్తి పతకం వచ్చాక ఊరు ఊరేగింపుతో ఎదురొచ్చిందంటే, ఆట చూపించడమే కాదు, కొంత కదిలించింది కూడా. ఆ కదలిక దీప్తి వరకేనా, అలాంటి వైకల్యంతో ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న మరో పిల్లకు కూడా అందుతుందా అన్నది వేరే ప్రశ్న. పతకం లేని పిల్లను ఎలా పిలుస్తున్నారో చూస్తే గానీ తెలియదు.

ఆడవాళ్లను అడిగే ప్రశ్నలు

ట్రోలింగ్ గుంపు పని. ప్రశ్న మాత్రం చదువుకున్న, మైకు పట్టుకున్న మనిషిది. సమాజం ఆలోచన అందులో ఇంకా నిక్కచ్చిగా బయటపడుతుంది.

2016లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్‌గా ఉన్న సానియా మీర్జాను ఒక ప్రముఖ టీవీ జర్నలిస్టు ఎప్పుడు స్థిరపడతారని, తల్లి కావడం సంగతేమిటని అడిగారు. ప్రపంచంలో మొదటి స్థానంలో ఉండటం స్థిరపడటం కాదా అన్న అర్థంలో ఆమె బదులిచ్చింది. తప్పు తనదేనని, మగ ఆటగాడిని ఇలా అడిగేవాణ్ణి కానని ఆయన అక్కడికక్కడే ఒప్పుకున్నారు. 2017లో ప్రపంచకప్‌కు ముందు మిథాలీ రాజ్‌ను మీకు ఇష్టమైన మగ క్రికెటర్ ఎవరని అడిగితే, మగ క్రికెటర్లను కూడా ఇలాగే అడుగుతారా అని ఆమె తిరిగి అడిగింది.

పరీక్ష తేలిక. ప్రశ్నలో ఉన్న పేరు మార్చి చూడాలి. సానియా పేరు తీసి ఒక మగ ఆటగాడి పేరు పెడితే ఆ ప్రశ్న నవ్వు తెప్పిస్తోందా? తెప్పిస్తే అది ఆట గురించిన ప్రశ్న కాదు.

2014లో తెలంగాణ ప్రభుత్వం సానియాను బ్రాండ్ అంబాసిడర్‌గా ప్రకటించినప్పుడు ఒక ఎమ్మెల్యే ఆమెను పాకిస్తాన్ కోడలు అన్నారు. ‘కోడలు’ అనే మాటనే గమనించండి. హైదరాబాద్‌లో పెరిగి, గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు గెలిచిన మనిషి చిరునామా అత్తవారిల్లు అయిపోయింది. ఆమె అప్పటి భర్త, పాకిస్తాన్ క్రికెటర్ షోయబ్ మాలిక్‌ను అదే లెక్కన హైదరాబాద్ అల్లుడని సరదాగా పిలిచారు గానీ, అతని దేశభక్తిని ఆ మాటతో కొలిచినవాళ్లు లేరు.

డబ్బు దగ్గర మార్పు కొంత వచ్చింది, కొంత రాలేదు. 2022 అక్టోబర్‌లో బీసీసీఐ మహిళలకూ పురుషులతో సమానంగా మ్యాచ్ ఫీజు ప్రకటించింది: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. ఫీజు సమానమైనా ఆడే మ్యాచ్‌ల సంఖ్య సమానం కాదు, వార్షిక కాంట్రాక్టులూ సమానం కావు. కాబట్టి ఏడాది చివర చేతికొచ్చే మొత్తంలో పెద్ద తేడా ఉంటుంది. ‘సమాన వేతనం’ అన్న హెడ్డింగ్‌కు, ‘సమాన మ్యాచ్ ఫీజు’ అన్న వాస్తవానికి మధ్య ఉన్న దూరం ఇదే.

ఒక మాట హెడ్డింగ్ అయ్యేదాకా

మీడియాను ఒక మనిషిలా తిట్టడం సులువు. అది నడిచే తీరు చూస్తే ఎక్కడ ఏం పాడవుతుందో తెలుస్తుంది.

ముందు డబ్బు. 2023 నుంచి 2027 వరకు ఐదు సీజన్ల ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. 410 మ్యాచ్‌ల లెక్కన ఒక్కో మ్యాచ్‌కు 118 కోట్లు. టీ20లో రెండు ఇన్నింగ్స్ కలిపి 240 బంతులు. భాగిస్తే ఒక్కో బంతి ఖరీదు సుమారు 49 లక్షలు. అంత పెట్టి కొన్నవాళ్లు బంతిని ఒక్కసారే చూపించి వదిలేయలేరు. స్లో మోషన్‌లో చూపాలి, బౌలర్ మొహం దగ్గరగా చూపాలి, డగౌట్‌లో కోచ్ తల పట్టుకోవడం చూపాలి, రాత్రి చర్చ పెట్టాలి. క్యాచ్ జారడం అర సెకను పని. తెర మీద దాని ఆయుష్షు రెండు రోజులు.

తర్వాత మాట. మ్యాచ్ అయిన కొన్ని నిమిషాలకే, చెమట ఆరకముందే, మైదానంలోనే ప్రసార సంస్థ మైకు వస్తుంది. ఆ తర్వాత ప్రెస్ మీట్. ఒలింపిక్స్‌లో అయితే పోటీ ముగించి వెళ్లే దారిలోనే విలేకర్లు బారికేడ్ల వెనక నిలబడి ఉంటారు, అథ్లెట్ దాని గుండానే బయటికి రావాలి. ఓడిన మనిషి ఇంకా తనలో తాను తేల్చుకోని సంగతిని అక్కడ నలుగురికీ తేల్చి చెప్పాల్సి వస్తుంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఓడిన కెప్టెన్ హిందీలో ఇలా అన్నాడనుకోండి: ‘మొదటి పది ఓవర్లలో బంతి ఆగి వచ్చింది. మేం 20 పరుగులు తక్కువ చేశాం. ఆ క్యాచ్ పట్టి ఉంటే బాగుండేది, కానీ మ్యాచ్ పోయింది అక్కడ కాదు.’ మూడు వాక్యాల బైట్. ఇంగ్లిష్ వార్తా ఏజెన్సీ పంపే కాపీలో చివరి వాక్యంలోని ‘కానీ’ తర్వాతి భాగం తెగిపోతుంది. తప్పని కాదు, కాపీ పొడవు తగ్గించాలి. దాన్ని తెలుగు చేసే డెస్క్‌లో సబ్ ఎడిటర్ ముందు అసలు వీడియో లేదు, ఆ కాపీ ఒక్కటే ఉంది. ‘క్యాచ్ పట్టి ఉంటే బాగుండేది: కెప్టెన్’ అని హెడ్డింగ్ పెడతాడు. వెబ్‌సైట్‌లో అదే ‘ఆ క్యాచ్ వల్లే ఓడాం’ అవుతుంది, ఎందుకంటే కారణం చెప్పే హెడ్డింగ్‌ను ఎక్కువమంది నొక్కుతారు. యూట్యూబ్ థంబ్‌నెయిల్‌లో ఫీల్డర్ మొహం చుట్టూ ఎర్ర గుండ్రం, పక్కన ‘కెప్టెన్ సీరియస్’. రాత్రికి ఆ ఫీల్డర్ ఖాతా కింద వేల కామెంట్లు.

ఈ వరసలో పచ్చి అబద్ధం రాసినవాడు ఒక్కడూ లేడు. ప్రతి ఒక్కరూ కొంచెం కత్తిరించారు, కొంచెం పదును పెట్టారు. కెప్టెన్ చెప్పినదానికి సరిగ్గా తలకిందులైన మాట జనంలోకి వెళ్లింది. అందుకే మీడియా సంస్థలు తమ విలేకరి తప్పు రాయలేదని చెప్పినప్పుడు అదీ నిజమే, ఆటగాడు నేను అలా అనలేదని చెప్పినప్పుడు అదీ నిజమే.

ఆ ఒత్తిడి చేతుల్లోకి ఎలా దిగుతుంది

అలవాటైన పని శరీరానికి తెలుసు. రోజూ దిగే మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ముందు వేస్తున్నామో చూసుకోం. చూసుకుంటూ దిగితే తడబడతాం. వేల సార్లు సాధన చేసిన బౌలింగ్ యాక్షన్, సర్వీస్, క్యాచ్ కూడా అంతే. అందరూ తననే చూస్తున్నారన్న ఎరుక పెరిగితే ఆటగాడు తన చేతిని, అడుగును తానే కాపలా కాయడం మొదలుపెడతాడు. దాంతో కండరాల్లో పట్టు బిగుస్తుంది, లయ పోతుంది. ఒకసారి తప్పు జరిగితే చూపులు పెరుగుతాయి, చూపులు పెరిగితే మరో తప్పు. ధైర్యం లేకపోవడం కాదిది, దృష్టి చోటు మారడం.

2025 అక్టోబర్ 30న మహిళల ప్రపంచకప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 127 పరుగులతో అజేయంగా నిలిచిన జెమీమా రోడ్రిగ్స్, ఆ టోర్నమెంట్ పొడవునా ఆందోళనతో బాధపడ్డానని, దాదాపు రోజూ ఏడ్చానని మ్యాచ్ తర్వాత చెప్పింది. గెలిచిన రాత్రి చెప్పింది కాబట్టి అందరూ విన్నారు. అదే మాటల్లో ఆమె యేసుకు కృతజ్ఞతలు చెప్పిందని తిట్టినవాళ్లూ వెంటనే తయారయ్యారు.

అయితే ప్రశ్నలే వద్దా?

2021 మేలో జపాన్ టెన్నిస్ క్రీడాకారిణి నవోమి ఒసాకా మానసిక ఆరోగ్యం కోసం ఫ్రెంచ్ ఓపెన్‌లో ప్రెస్ మీట్లకు రానని ముందే ప్రకటించింది. మొదటి మ్యాచ్ గెలిచాక నిర్వాహకులు 15,000 డాలర్ల జరిమానా వేశారు, ఇలాగే కొనసాగితే టోర్నమెంట్ నుంచి తప్పిస్తామన్నారు. ఆమే తప్పుకుంది. 2018 నుంచి కుంగుబాటుతో ఉన్నానని అప్పుడు చెప్పింది.

ఆమె పక్షాన ఉన్న వాదన: ఒంట్లో గాయమైతే విశ్రాంతి ఇచ్చే ఆట, మనసుకు గాయమైతే జరిమానా వేయడమేమిటి? అవతలి వాదనలో కూడా పస ఉంది. ఒసాకా మాటను గౌరవిస్తామంటూనే, విలేకర్లు లేకపోతే తమకీ పేరు వచ్చేది కాదని రఫెల్ నాదల్ లాంటి ఆటగాళ్లే అన్నారు. ఒకరు ప్రెస్ మీట్‌కు వచ్చి మరొకరు రాకపోతే పోటీలో సమానత్వం దెబ్బతింటుందన్నది నిర్వాహకుల మాట. పైగా ఒసాకాకు సోషల్ మీడియాలో తన సొంత వేదిక ఉంది. విలువిద్య, ఖోఖో, పారా అథ్లెటిక్స్ ఆడేవాళ్లకు ఒక్క విలేకరి వచ్చినా పండగే. ఎవరూ పట్టించుకోకపోవడం కూడా ఒత్తిడే, దాని గురించి మనం తక్కువ మాట్లాడతాం.

పరిశీలన లేకపోతే ఏమవుతుందో మల్లయోధుల ఉదంతం చెబుతుంది. 2023 జనవరి 18న వినేశ్ ఫోగట్, సాక్షి మలిక్, బజరంగ్ పునియా ఢిల్లీ జంతర్ మంతర్‌లో కూర్చున్నారు. రెజ్లింగ్ సమాఖ్య అప్పటి అధ్యక్షుడిపై లైంగిక వేధింపుల ఆరోపణలు చేశారు; ఆయన వాటిని తోసిపుచ్చారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లాక ఏప్రిల్ 28న గానీ ఎఫ్‌ఐఆర్‌లు నమోదు కాలేదు. ఒలింపిక్ పతకాలున్నవాళ్లకే అన్ని రోజులు పట్టింది. కెమెరాలు అక్కడ లేకపోతే ఇంకెన్ని రోజులు పట్టేదో ఊహించవచ్చు. అదే కెమెరా రెండో ముఖం కూడా అక్కడే చూపింది. మే 28న పోలీసులు వాళ్లను వ్యానెక్కించినప్పుడు లోపల తీసుకున్న ఫొటోను ఎవరో మార్చి, మొహాల మీద నవ్వులు అతికించి పంచారు. అరెస్టయి నవ్వుకుంటున్నారు చూడండి అంటే చాలామంది నమ్మారు.

ఇంతకీ అది ఎవరి ముఖం?

తిట్లన్నీ చూసి మన సమాజమంతా ఇంతే అనుకోవడం తేలిక. లెక్కలు అంత తేలిగ్గా ఒప్పుకోవు.

టోక్యో ఒలింపిక్స్ సమయంలో ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం 161 మంది అథ్లెట్ల ట్విట్టర్ ఖాతాలను పరిశీలించింది. గురిపెట్టి దూషించిన పోస్టులు 132 దొరికాయి. వాటిలో 115 మహిళల మీదే. ఇంతవరకు అందరూ రాశారు. అదే నివేదికలో ఇంకొన్ని అంకెలున్నాయి: దూషణకు గురైనవాళ్లు 161 మందిలో 23 మంది, మొత్తం దూషణలో 63 శాతం ఇద్దరి మీదే పడింది. అంటే తిట్లు అందరి మీదా చినుకుల్లా పడవు. ఒకరిద్దరి నెత్తిన కుండపోతగా కురుస్తాయి. సగటు చూస్తే సమస్య చిన్నది. ఆ ఇద్దరిలో ఒకరై చూస్తే దానికి కొలత లేదు.

తిట్టేవాళ్లు ఎక్కడివాళ్లన్నది మరో చిక్కు. 2021 యూరో ఫుట్‌బాల్ ఫైనల్లో పెనాల్టీలు పోగొట్టిన ఇంగ్లండ్ ఆటగాళ్లు రాష్‌ఫోర్డ్, సాంచో, సాకాల మీద జాతి దూషణలు వచ్చాక, బ్రిటన్ పోలీసులు నేరంగా తేల్చిన 207 పోస్టుల్లో 34 ఖాతాలే తమ దేశానివన్నారు, 123 బయటి దేశాలవి. ట్విట్టర్ తన లెక్కలో తాము తొలగించిన పోస్టుల్లో ఎక్కువ బ్రిటన్ నుంచే వచ్చాయంది. రెండూ అబద్ధాలు కానక్కర్లేదు: వేదికలు వేరు, ఏది నేరమన్న కొలత వేరు. ట్విట్టర్ ఇంకో మాట కూడా చెప్పింది. శాశ్వతంగా మూసేసిన ఖాతాల్లో 99 శాతం ఎవరివో గుర్తించగలిగినవే. ముసుగు తీసేస్తే తిట్లు ఆగుతాయన్న నమ్మకానికి అది గట్టి దెబ్బ.

షమీని తిట్టిన ఖాతాలు సరిహద్దు అవతలివన్న వాదన మన దగ్గరా వచ్చింది. షమీని వెనకేసుకొచ్చిన విరాట్ కోహ్లీ పసిబిడ్డను బెదిరిస్తూ వచ్చిన పోస్టు గురించీ అదే అన్నారు. తీరా ఆ కేసులో ముంబై పోలీసులు 2021 నవంబర్‌లో పట్టుకున్నది హైదరాబాద్‌కు చెందిన 23 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ను. 2023లో ఫిర్యాదుదారు సమ్మతితో బొంబాయి హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. తిట్టేవాళ్లంటే చదువులేనివాళ్లు, పనిలేనివాళ్లు, పొరుగుదేశంవాళ్లు అని మనం వేసుకునే బొమ్మకు ఆ అరెస్టు ఒక్కటే చాలినంత అడ్డం.

షమీకి అండగా రాసినవాళ్లూ, సిరాజ్ కోసం ఓవల్‌లో గొంతు పోయేలా అరిచినవాళ్లూ ఈ సమాజంలోవాళ్లే. కాకపోతే మ్యాచ్ చూసి, టీవీ కట్టేసి, పడుకునే కోట్లమంది ఏ లెక్కలోకీ ఎక్కరు. తెర మీద కనబడేది మాట్లాడినవాళ్ల ముఖం.

జట్టులోకి కొత్తగా వచ్చినప్పుడు ధోనీ తనకు చెప్పిన మాటను సిరాజ్ చాలాసార్లు గుర్తు చేసుకున్నాడు: బాగా ఆడిన రోజు లోకమంతా నీ వెంటే ఉంటుంది, ఆడని రోజు ఆ లోకమే తిడుతుంది, ఎవరి మాటా పట్టించుకోకు. ఓవల్ టెస్టు చివరి రోజు రోజూ కంటే ముందుగా ఆరింటికే లేచాడట. ఫోన్ తీసి గూగుల్లో వెతికి, ‘నమ్ము’ అని అర్థమొచ్చే ఇంగ్లిష్ మాట రాసి ఉన్న క్రిస్టియానో రొనాల్డో బొమ్మ ఒకటి దించుకుని వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాడు. తర్వాత మైదానానికి బయల్దేరాడు.